గొళ్ళెం లేని తలుపు

బర్బాంక్‌లో, పదకొండో నంబరు స్టేజి వెనక
ముప్పై ఒక్క ఏళ్ళుగా తలుపులు చేస్తున్నాను.
నిజం చెప్పాలంటే చేసింది ఒక్క తలుపే.
మిగతావన్నీ దాని మీద వేసిన రంగులు.

మొదట ఆకుపచ్చ, దెబ్బలాడుకునే అన్నదమ్ముల కోసం.
తర్వాత నీలం, విడాకులు తీసుకున్న పళ్ళ డాక్టరుకి.
ఆపైన పసుపు: నలుగురు నర్సులు, ఒకటే బాత్‌రూము.
చాకుతో గీకితే అందరూ పొరలు పొరలుగా దొరుకుతారు
ఉల్లిపాయలోలాగా.
కళ్ళ నీళ్ళు మాత్రం రావు,
రాకుండా చూసుకునే రచయితలు పై అంతస్తులో ఉన్నారు.

ఎడమ పక్క తలుపు. కుడి పక్క మెట్లు. నడుమ సోఫా.
మెట్లు ఎక్కితే పైన ఏ గదీ లేదు,
ఓ పలక, నిచ్చెన, నేను తాగి వదిలేసిన కాఫీ కప్పు.
నాలుగో గోడ ఎప్పుడూ కట్టలేదు.
అక్కడ రెండు వందల మంది కూర్చుంటారు,
శాండ్‌విచ్ పెడతామంటే వచ్చినవాళ్ళు.

గొళ్ళెం మాత్రం వద్దంటారు, ఆర్విడ్, గొళ్ళెం వద్దు,
పక్కింటివాడు తలుపు తట్టడు కదా!
డ్వేన్ అంటారు, మైలో అంటారు, ఓసారి ఫ్లెచర్ అన్నారు,
మనిషి ఒకడే.
తోసుకుని వస్తాడు, తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి.
వాడి ఉద్యోగం ఏమిటో ఎవరూ అడగరు.
అద్దె ఎలా కడుతున్నాడో తలుచుకుని
నేనే ఒకటి రెండు రాత్రులు నిద్ర మానుకున్నాను.

బాసు భోజనానికి వస్తాడు, టర్కీ మాడిపోతుంది.
గాజుతొట్టిలో చేప చస్తుంది,
పిల్ల బడి నుంచి వచ్చేలోపు అలాంటిదే ఇంకోటి ఈదుతుంటుంది.
ఒకే రాత్రికి ఇద్దరికి మాటిచ్చినవాడు
రెండు బల్లల మధ్య పరుగెత్తి పరుగెత్తి
తప్పు పేరు పిలుస్తాడు.
లిఫ్టు ఆగిందా, లోపల నిండు గర్భిణి ఉండి తీరాలి.
ఐదో ఏడాది చివర్లో ప్రియుడు తడిసి ముద్దై గుమ్మంలో నిలబడతాడు
(ఆ వాన నాది, గొట్టం పట్టుకుని నిచ్చెన మీద నేనే).
కథ కంచికి పోదు,
వచ్చే గురువారం మళ్ళీ ఇదే గుమ్మానికి వస్తుంది.

ఎవరు ఎలా వెళ్ళారో బందులు చెబుతాయి.
అలిగి విసిరి వేస్తే పై బందు అరుగుతుంది.
ప్రతి మూడేళ్ళకీ పైదే మారుస్తాను.

ప్రిసిల్లా ఒబెంగ్ అని కొత్త పిల్ల ఒకతి వచ్చింది.
ఎవరూ రాయనిది రాస్తానంది.
నా దగ్గరికొచ్చి మెల్లగా, "గొళ్ళెం పెడతారా?" అంది.
ఇత్తడిది పెట్టాను.
ఆ రాత్రి పక్కింటివాడు వచ్చాడు, తోశాడు,
తలుపు రాలేదు.
మళ్ళీ తోశాడు. చెయ్యి దించి ఊరికే నిలబడ్డాడు.
రెండు వందల మందిలో ఒక్కరూ నవ్వలేదు.
ఎవరో దగ్గారు.
మర్నాడు గొళ్ళెం ఊడదీయమన్నారు,
వారం తర్వాత ప్రిసిల్లాని కూడా.

పారెయ్యబుద్ధి కాక దాన్ని గ్లెండేల్ తెచ్చి
నా వాటా తలుపుకే బిగించాను, మూడు తాళాల పైన నాలుగోదిగా.

ఎదురు వాటాలో జాబెల్ తెర్జియన్ గారు.
సీసా మూత రాకపోతే తడతారు,
రెండు సార్లు, చిన్నగా, క్షమించమన్నట్టు.
మొన్న ఆదివారం తట్టారు.
నాలుగూ తీసేసరికి ఎవరూ లేరు.
కాలిపట్టా మీద రేకు కప్పిన గిన్నె,
పట్టుకుంటే ఇంకా వేడి.

తిన్నాను. కడిగాను. గిన్నె ఇవ్వడానికి వెళ్ళాను.
ఆరు అడుగులు.
తోసుకుపోయేవాళ్ళని ముప్పై ఒక్క ఏళ్ళు చూసినవాణ్ణి,
చెయ్యి ఎత్తి
ఎన్ని సార్లు తట్టాలో తెలియక ఆగాను.
ఇక్కడైతే, మా స్టేజి మీదైతే, నవ్వేవాళ్ళు.

తలుపు తీశారు.
ఆవిడ ముఖం కంటే ముందు, పాడు అలవాటు,
బందులు చూశాను.
కింది రెండూ వయసుకు తగ్గట్టున్నాయి.
పైది కొత్తదానిలా మెరుస్తోంది.